మౌస్ ఆలస్యం 102 నుంచి 31 మిల్లీసెకన్లకి: అనంతపురం ప్రాజెక్టు డైరీ

ముందు మెషిన్ వివరాలు. ఇంటెల్ ఐ3-10100, జీటీఎక్స్ 1050 టీఐ, 8 జీబీ ర్యామ్, విండోస్ 10, ఆఫీసు పనికి కొన్న 60 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. మౌస్ 450 రూపాయలది. డబ్బా మీద గేమింగ్ అని, 6400 డీపీఐ (అంగుళం జరిపితే మౌస్ లెక్కేసే కౌంట్లు) అని రాసి ఉంది, లోపల ఏడు రంగుల లైట్లు వెలుగుతాయి. ఆడే గేమ్ వాలరెంట్, తుపాకులతో కాల్చుకునే ఆన్‌లైన్ ఆట. నాకంటే ఎక్కువగా ఆడేది మా చిన్నాయన కొడుకు. వాడి ఫిర్యాదు ఇది: "అన్నా, నేను నొక్కినాక వాడు చచ్చేలోగా నేనే చచ్చిపోతాండా."

వెంటనే కొత్త మౌస్ కొనకుండా, ఆలస్యం ఎక్కడ పుడుతోందో కొలిచి చూద్దామని మొదలైన పని ఇది. కొలతలన్నీ ఈ ఒక్క మెషిన్‌వే. మీ దగ్గర అంకెలు మారతాయి, కొలిచే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనిచేస్తుంది.

దశ 1: కొలత

క్లిక్ నుంచి స్క్రీన్ దాకా పట్టే మొత్తం సమయం కొలవడానికి సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉన్న ఫోన్ చాలు.

1. ఫోన్‌ను కదలకుండా నిలబెట్టాలి. వేలు, మౌస్ బటన్, మానిటర్ మూడూ ఒకే ఫ్రేములో కనబడాలి.
2. గేమ్‌లోని ప్రాక్టీస్ రేంజ్‌లో గోడ మీదికి ఒక్కో గుండు చొప్పున కాల్చాలి.
3. వీడియోను వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి, కీబోర్డులో E అక్షరం కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేము ముందుకు జరపాలి.
4. బటన్ కిందికి దిగి ఆగిన ఫ్రేము నుంచి తుపాకీ మెరుపు కనబడిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు.
5. 20 షాట్లకు సగటు తీయాలి. ఒక్క షాట్ అంకెను నమ్మితే ఏ మార్పు చేసినా మేలు జరిగినట్టే కనబడుతుంది.

రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసిన వీడియో పనికిరాలేదు. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. మామూలు కంటికి తెలియదు కానీ స్లో మోషన్‌లో బటన్ ఒక ఫ్రేములో వెలుగులో, ఇంకో ఫ్రేములో చీకట్లో ఉంటుంది. పట్టపగలు కిటికీ తెరిచి తీయాల్సి వచ్చింది. మే నెల అనంతపురంలో మధ్యాహ్నం కిటికీ తెరవడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఫలితం: సగటు 102 మిల్లీసెకన్లు (మి.సె.). అతి తక్కువ 88, అతి ఎక్కువ 121. సగటు కంటే ఈ ఎగుడుదిగుడే ఆటగాణ్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది. మారుతూ ఉంటే పడదు.

మౌస్ వరకు విడిగా కొలవడానికి మౌస్‌టెస్టర్ అనే ఉచిత ప్రోగ్రాం వాడాను. మౌస్ కంప్యూటర్‌కు పంపే కబురును రిపోర్టు అంటారు. రిపోర్టుకూ రిపోర్టుకూ మధ్య 8 మి.సె. చూపించింది, అంటే సెకనుకు 125 రిపోర్టులు, 125 హెర్ట్జ్. తర్వాత స్టీలు స్కేలు పక్కన మౌస్‌ను సరిగ్గా 10 సెంటీమీటర్లు జరిపితే 2,913 కౌంట్లు వచ్చాయి. 10 సెంటీమీటర్లంటే 3.937 అంగుళాలు, కాబట్టి అసలు డీపీఐ 740. సెట్టింగులో ఉన్నది 800.

ఇప్పటివరకు ఖర్చు: 0. ఆలస్యం: 102 మి.సె.

దశ 2: డబ్బు పెట్టని పనులు

విండోస్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అనే మౌస్ సెట్టింగు తీసేశాను. అది ఆన్‌లో ఉంటే చెయ్యి కదిలే వేగాన్ని బట్టి కర్సర్ వెళ్లే దూరం మారిపోతుంది. దీన్ని తీసేస్తే ఆలస్యం ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. రా ఇన్‌పుట్ (విండోస్ మార్చకముందు మౌస్ పంపిన కౌంట్లు) తీసుకునే గేముల్లో అసలు తేడాయే ఉండదు. డెస్క్‌టాప్ మీద మాత్రం కర్సర్ చెప్పిన చోటికి వస్తుంది. ఇదే అసలు రహస్యమని చెప్పేవాళ్లు దేన్ని కొలిచి చెబుతున్నారో నాకు అర్థం కాదు.

విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో మౌస్ డేటా క్యూ సైజు తగ్గించమని ఇంకో చిట్కా తిరుగుతుంటుంది. మామూలుగా అది 100 ఉంటుంది. అది క్యూలో ఎన్ని రిపోర్టులు పడతాయనే పరిమితి, అంతేగానీ ప్రతి రిపోర్టూ అంతసేపు ఆగదు. 20కి తగ్గించి కొలిచాను, మార్పు లేదు. మరీ తగ్గిస్తే మెషిన్ బిజీగా ఉన్నప్పుడు రిపోర్టులు పారిపోయే ప్రమాదం ఉంది. మళ్లీ 100 పెట్టేశాను.

నిజంగా పనిచేసినవి రెండు.

1. వీసింక్ ఆఫ్, గేమ్ ఫుల్ స్క్రీన్: 102 నుంచి 61.
2. ఎన్విడియా రిఫ్లెక్స్, ఆన్ ప్లస్ బూస్ట్: 61 నుంచి 53.

వీసింక్ ఆన్‌లో ఉంటే తయారైన ఫ్రేములు మానిటర్ పిలుపు కోసం వరసలో నిలబడతాయి. 60 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేము 16.7 మి.సె. వరసలో రెండు ఫ్రేములుంటే మౌస్ ఎంత మంచిదైనా 33 మి.సె. గాల్లో కలిసినట్టే. ఆఫ్ చేస్తే బొమ్మ అక్కడక్కడా చిరిగినట్టు కనబడుతుంది. మావాడు అది పట్టించుకోలేదు, నాకు మాత్రం ఇప్పటికీ కంట్లో గుచ్చుకుంటుంది.

రిఫ్లెక్స్ వల్ల 8 మి.సె. తగ్గడానికి కారణం గ్రాఫిక్స్ కార్డు 99 శాతం లోడు మీద నడుస్తుండటం. కార్డు ఊపిరాడకుండా ఉంటే సీపీయూ ముందుగానే ఫ్రేములు తయారుచేసి దాని ముందు పెట్టేస్తుంది. రిఫ్లెక్స్ ఆ వరసను ఆపుతుంది. జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి ఇది పనిచేస్తుంది కాబట్టి పాత కార్డులవాళ్లు వదిలేయొద్దు. ఈ సదుపాయం లేని గేముల్లో, మీ కార్డు నిలకడగా ఇవ్వగలిగే దానికంటే కొంచెం కింద ఫ్రేమ్ రేటును కట్టేస్తే దాదాపు అదే ఫలితం వస్తుంది.

ఖర్చు: 0. ఆలస్యం: 53 మి.సె. సగానికి సగం ఇక్కడే పోయింది, మౌస్‌ను ఇంకా ముట్టుకోనే లేదు.

దశ 3: మానిటర్

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో కస్టమ్ రిజల్యూషన్ పెట్టి 60ని 75 హెర్ట్జ్ చేశాను. 76 దగ్గర స్క్రీన్ నల్లగా అయిపోయి, కాసేపటికి దానంతటదే పాత సెట్టింగుకు వచ్చింది.

కొన్ని మానిటర్లు 75 ఒప్పుకున్నట్టు చూపిస్తూ మధ్యలో ఫ్రేములు మింగేస్తాయి. వరసగా గళ్లు వెలిగే ఫ్రేమ్ స్కిప్పింగ్ టెస్టు నడుపుతూ, ఫోన్ కెమెరా షట్టర్‌ను సెకనులో పదో వంతు పెట్టి ఫోటో తీయాలి. వెలిగిన గళ్ల మధ్య ఖాళీ లేకపోతే సరే. మాది సరిగ్గానే ఉంది.

ఖర్చు: 0. ఆలస్యం: 50 మి.సె.

దశ 4: పోలింగ్

కంప్యూటర్ మౌస్‌ను ఎంతకోసారి అడుగుతుందో అదే పోలింగ్. 125 హెర్ట్జ్ మౌస్ 8 మి.సె.కు ఒకసారి కబురు పంపుతుంది. మీరు నొక్కింది ఆ మధ్యలో ఎప్పుడైనా కావచ్చు కాబట్టి సగటున 4 మి.సె. వృథా. 1000 హెర్ట్జ్ అయితే సగటు వృథా అర మిల్లీసెకను. అంటే పోలింగ్ వల్ల సగటున మిగిలేది 3.5 మి.సె. మాత్రమే. ప్రకటనలు చూస్తే ఎనిమిది రెట్ల వేగం అనిపిస్తుంది, చేతికి అందేది ఇంత.

పాత మౌస్‌నే 1000కి ఎక్కించవచ్చా అని చూశాను. విండోస్‌లో దీనికి ఫిల్టర్ డ్రైవర్లు (మౌస్‌కూ విండోస్‌కూ మధ్య దూరే ప్రోగ్రాములు) దొరుకుతాయి. గేమ్‌లో మోసాన్ని పట్టే యాంటీ చీట్ కాపలా ఉన్న మెషిన్లో అలాంటి డ్రైవర్ పెట్టి అకౌంటుకు టెన్షన్ తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి ప్రయోగం చేశాను. లినక్స్ కెర్నల్లో మౌస్‌పోల్ అనే పారామీటర్ ఉంది. దానికి 1 ఇస్తే మౌస్‌ను మిల్లీసెకనుకోసారి అడగాలి.

కొలత చూస్తే అదే 125. మౌస్ తిప్పి తిప్పి చెయ్యి నొప్పి పుట్టింది కానీ అంకె కదల్లేదు. వెతికితే కారణం దొరికింది. ఇప్పటి బోర్డుల్లో యూఎస్‌బీ 3 కంట్రోలర్లే ఉంటాయి, వాటి డ్రైవర్ ఈ పారామీటర్‌ను పట్టించుకోదు. మౌస్ తన గురించి తాను చెప్పుకున్న విరామాన్నే తీసుకుంటుంది. మన మౌస్ 8 అని చెప్పుకుంది, కథ అక్కడే ముగిసింది.

కాబట్టి మౌస్ మార్చాల్సిందే. కంప్యూటర్ సామాన్లు దొరికే బెంగళూరు ఎస్పీ రోడ్డు వైపు వెళ్లే స్నేహితుడితో 1000 హెర్ట్జ్ ఉన్న సెకండ్ హ్యాండ్ మౌస్ 700కు తెప్పించాను. ఎడమ బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది, అందుకే ఆ ధర. స్విచ్ మార్చుకోవచ్చని లెక్క వేసుకునే తీసుకున్నాను.

క్యాబినెట్ ముందు ప్యానెల్ పోర్టులో పెడితే రిపోర్టుల మధ్య విరామాలు 1 మి.సె. దగ్గర ఉంటూనే, మధ్యమధ్యలో 3, 5కు ఎగిరాయి. వెనకాల బోర్డు పోర్టుకు మార్చగానే మౌస్‌టెస్టర్ గ్రాఫులో గీత చదునుగా వచ్చింది. ముందు పోర్టు పక్కనే వెబ్‌క్యామ్ ఉండేది. దాన్ని పీకినా కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

ఇంకోటి కూడా పరీక్షించాను. ఈ గదిలో ప్లగ్గుకు ఎర్తింగ్ లేదు, క్యాబినెట్ తాకితే చేతికి జివ్వుమనేది. మౌస్ తేడాలన్నిటికీ అదే కారణమని మా వీధిలో ఒకాయన గట్టిగా చెప్పాడు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ వైరు లాగించాక షాకు పోయింది. మౌస్ గ్రాఫులో వెంట్రుకంత మార్పు కూడా రాలేదు. ఎర్తింగ్ ప్రాణానికి అవసరం, దాని ఖర్చు ఈ లెక్కలో కలపను.

ఇప్పుడు ఫోన్ కొలత: 50 నుంచి 37. పోలింగ్ వల్ల రావాల్సింది 3.5, వచ్చింది 13. మిగతా 9 పైచిలుకు ఎక్కడి నుంచి వచ్చింది? పాత మౌస్ చిప్, బటన్ నొక్కినట్టు నమ్మకం కలిగాకే కబురు పంపుతోంది. ఆ నమ్మకం కోసం ఆగే సమయమది. తర్వాతి దశ దాని గురించే.

ఖర్చు: 700. ఆలస్యం: 37 మి.సె.

దశ 5: స్విచ్, డీబౌన్స్

మౌస్ బటన్ కింద ఉండే మైక్రోస్విచ్ లోపల చిన్న లోహపు రేకు ఇంకో లోహానికి తగులుతుంది. బల్ల మీద పడిన గోళీ లాగే అది ఒక్కసారికి ఆగదు, కొన్ని మిల్లీసెకన్లు తగులుతూ విడిపోతూ ఉంటుంది. ఆ గందరగోళాన్ని నాలుగు క్లిక్కులుగా లెక్కపెట్టకుండా చిప్ కాసేపు ఆగడమే డీబౌన్స్. స్విచ్ పాతబడి రేకు అరిగేకొద్దీ ఈ తగులుడు ఎక్కువసేపు సాగుతుంది. చిప్ ఆగే సమయాన్ని అది దాటినప్పుడు డబుల్ క్లిక్ పుడుతుంది.

ఈ మౌస్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ రెస్పాన్స్ 4 నుంచి 16 మి.సె. దాకా మార్చుకోవచ్చు. ముందున్నది 10. అరిగిన స్విచ్‌తో 16 పెట్టినా డబుల్ క్లిక్ ఆగలేదు. రెండు క్లిక్కుల మధ్య 30, 40 మి.సె. వస్తోంది. మనిషి వేలు అంత వేగంగా రెండుసార్లు నొక్కలేదు కాబట్టి లోపం స్విచ్‌లోనే ఉంది.

ఊర్లో స్పేర్ల షాపులో 20 రూపాయల స్విచ్‌లు రెండు తెచ్చాను. సోల్డర్ చేసే ముందు మల్టీమీటర్‌తో చూస్తే, మూసి ఉన్నప్పుడు 2 నుంచి 6 ఓమ్‌ల మధ్య ఊగుతోంది. మంచి స్విచ్ అయితే మీటర్ వైర్లతో కలిపి 0.3 దగ్గర నిలబడాలి. తీసుకెళ్లి చూపిస్తే షాపాయన "మౌస్ స్విచ్ అంటే మౌస్ స్విచ్చే గదప్పా" అన్నాడు. ఆ రెండూ డ్రాయర్‌లో ఉన్నాయి. మళ్లీ ఎస్పీ రోడ్డు నుంచే హువానో కంపెనీ స్విచ్‌లు తెప్పించాను, ఒక్కోటి 60.

కొనేటప్పుడు సైజు చూసుకోవాలి. మౌసుల్లో ఎక్కువగా వాడే ఓమ్రాన్ కంపెనీ డీ2ఎఫ్ స్విచ్ సైజు 12.8 x 5.8 x 6.5 మిల్లీమీటర్లు, కాళ్ల మధ్య దూరం 5.08. ఈ కొలతకు సరిపోయేదైతే ఏ కంపెనీదైనా కూర్చుంటుంది.

మార్చే పద్ధతి:

1. మౌస్ అడుగున పాదాల (జారడానికి అతికించిన పలుచని ముక్కలు) కింద స్క్రూలు ఉంటాయి. పాదాలను హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి ఊడదీయాలి. అవి మళ్లీ సరిగ్గా అతకవు, కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోండి.
2. పైభాగం తీసేటప్పుడు మెల్లగా. పక్క బటన్ల రిబ్బన్ కేబుల్ పైమూతకే తగులుకుని ఉంటుంది.
3. స్విచ్ మూడు కాళ్ల మీదా కొత్త 60/40 సీసం, కొంచెం ఫ్లక్స్ వేయాలి. పాత సీసం ఒంటరిగా తొందరగా కరగదు.
4. 25 వాట్ల ఐరన్‌తో మూడు కాళ్లనూ వంతులవారీగా వేడి చేస్తూ, పైనుంచి స్విచ్‌ను మెల్లగా లాగాలి. బలంగా లాగితే రాగి రింగు ఊడి వస్తుంది.
5. రంధ్రాల్లో మిగిలిన సీసాన్ని విక్‌తో (సీసం పీల్చే రాగి పట్టీ) తీయాలి.
6. కొత్తది పెట్టేటప్పుడు మీట ఉన్న వైపు చూసుకోవాలి. ఒక మూల పైకి లేచినా బటన్ సగం దూరం ఖాళీగా దిగుతుంది.

రెండు బటన్ల స్విచ్‌లూ ఒకేసారి మార్చాను. ఒకటే మారిస్తే ఎడమ, కుడి గట్టిదనం వేరుగా ఉండి విసుగు పుడుతుంది.

కొత్త స్విచ్‌తో రెస్పాన్స్ 10 నుంచి 4కు దించినా డబుల్ క్లిక్ లేదు. 6 మి.సె. తేడాను 4.17 మి.సె. కొలబద్దతో చూడటమెలా అని అడగొచ్చు. అందుకే ఈసారి 60 షాట్లు తీశాను. సగటు 31.4 వచ్చింది. సెట్టింగు చెప్పిన లెక్కకూ వీడియో చెప్పిన లెక్కకూ పొత్తు కుదిరింది.

ఈ దశ ఖర్చు: షాపు స్విచ్‌లు 40, హువానో 120, విక్, ఫ్లక్స్ కలిపి 130. మొత్తం ఇప్పటికి: 990. ఆలస్యం: 31 మి.సె.

దశ 6: జారుడు, దుమ్ము, కేబుల్

ఇక్కడి నుంచి మిల్లీసెకన్లు తగ్గవు. గురి మాత్రం మారుతుంది.

ముందు సెన్సిటివిటీ, అంటే మౌస్ ఎంత జరిపితే గేమ్‌లో చూపు ఎంత తిరగాలో చెప్పే అంకె. కొత్త మౌస్‌లో కూడా 800 అని పెట్టాను. స్కేలు పక్కన 10 సెంటీమీటర్లకు 3,390 కౌంట్లు, అంటే 861 డీపీఐ. పాతది 740, ఇది 861, రెండిటి మీదా రాసింది 800. మావాడు "గురి దాటిపోతాంది, మౌస్ బాగలేదు" అని రెండు రోజులు గొడవ చేసింది దీనికే. పాత మౌస్‌తో సెన్సిటివిటీ 0.4 దగ్గర పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి 44 సెంటీమీటర్లు పట్టేది, ఇప్పుడు 38కే తిరిగిపోతోంది. 0.4ను 740తో హెచ్చించి 861తో భాగిస్తే 0.344. అది పెట్టాక గొడవ ఆగింది.

ప్యాడ్ విషయంలో చవక దారి ముందు చూశాను. ఆటో సీట్లు కుట్టే షాపులో రెగ్జిన్ ముక్క 80 రూపాయలకు, బల్లంత పెద్దది. జారుడు అద్భుతం. కానీ రెగ్జిన్ మీద తోలు లాంటి గీతలుంటాయి కదా, నెమ్మదిగా జరిపితే మౌస్‌టెస్టర్ గీత రంపం పళ్లలా వచ్చింది. తిప్పి వెనక బట్టవైపు వాడితే గీత బాగుంది, పాదాలు మాత్రం పీచుకు తగులుకున్నాయి. 350 పెట్టి అంచులు కుట్టిన క్లాత్ ప్యాడ్ తీసుకున్నాను. రెగ్జిన్ ఇప్పుడు స్కూటర్ సీటు మీద ఉంది.

పాదాలు టెఫ్లాన్‌వి, 0.8 మిల్లీమీటర్ల మందం, 250. పాత జిగురు పూర్తిగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే అతికించాలి. ఒక మూల జిగురు మిగిలితే మౌస్ కుంటుతుంది. మందం పాతదానికంటే బాగా ఎక్కువైతే సెన్సర్ బట్టకు దూరమవుతుంది, అదీ చూసుకోవాలి.

కేబుల్ గట్టిగా, వంపులు తిరిగి ఉండేది. బల్ల అంచుకు పెద్ద బైండర్ క్లిప్ పెట్టి, దాని చెవుల్లోంచి కేబుల్ దూర్చాను. 10 రూపాయలు. మౌస్ బంజీ పేరుతో వందలకు అమ్మే వస్తువు చేసేదీ ఇదే.

ఇక దుమ్ము. ఆషాఢం గాలి మొదలైతే ఈ ఊర్లో కిటికీ మూసినా బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. క్లాత్ ప్యాడ్ ఆ దుమ్మును తాగుతుంది, జారుడు తగ్గిందని ముందు పాదాలను అనుమానిస్తాం. వారానికోసారి ప్యాడ్‌ను తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెడుతున్నాం. సెన్సర్ లెన్స్ మీద ఒక నూలుపోగు ఉన్నా కర్సర్ వణుకుతుంది, దాన్ని బ్లోయర్ బుడ్డితో ఊదితే చాలు. నోటితో ఊదొద్దు, తేమ చేరుతుంది.

ఈ దశ ఖర్చు: 690. మొత్తం: 1,680. ఆలస్యం: 31 మి.సె., మారలేదు.

దశ 7: పక్కింటి వైర్‌లెస్

పక్కింటి కుర్రాడు వైర్‌లెస్ మౌస్ తెచ్చాడు. కర్సర్ ఉండుండి దూకుతోంది. వాడి డాంగిల్ (మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) వెనక నీలం యూఎస్‌బీ 3 పోర్టులో, పక్కన ఎక్స్‌టర్నల్ డిస్కు. యూఎస్‌బీ 3 నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో చప్పుడు పుడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. చాలా వైర్‌లెస్ మౌసులు మాట్లాడేది ఆ బ్యాండులోనే. 120 రూపాయల ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను ప్యాడ్ పక్కకు తెచ్చాం. దూకుడు పోయింది, గ్రాఫు మా వైరు మౌస్‌తో సమానంగా వచ్చింది. కేబుల్ నేనే కొన్నాను, వాడు తిరిగిచ్చేలా లేడు.

మొత్తం: 1,800.

దశ 8: చక్రం, ఇంకా నడుస్తోంది

సెకండ్ హ్యాండ్ మౌస్ స్క్రోల్ చక్రం కిందికి తిప్పితే అప్పుడప్పుడు పైకి లెక్కేస్తోంది. వాలరెంట్‌లో తుపాకీ మార్చుకునేది చక్రంతోనే కాబట్టి చేతిలోకి కత్తి వచ్చేస్తోంది. చక్రం తిరగడాన్ని లెక్కేసే ఎన్‌కోడర్ సందులో ఒక చుక్క ఆల్కహాల్ వేసి తిప్పితే బాగయింది, కొన్నాళ్లకు మళ్లీ మొదలైంది. లోపలి రేకులు అరిగినట్టున్నాయి. ఎన్‌కోడర్లు వేర్వేరు ఎత్తుల్లో వస్తాయి, ఎత్తు తప్పితే చక్రం పైమూతకు రాసుకుంటుంది. బోర్డు పైనుంచి ఇరుసు రంధ్రం మధ్య దాకా వెర్నియర్‌తో కొలిచి ఎస్పీ రోడ్డుకు చీటీ పంపాను. అది వచ్చేదాకా తుపాకులు మార్చడం 1, 2, 3 కీలతోనే.